ఊ కొట్టేదెవరు?

శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు మా పడగ్గదిలో ఫ్యాను ఆగిపోతుంది. కిటికీ రెక్కలు మూసుకుంటాయి. తొమ్మిదిన్నర దాకా కుక్కరు పెట్టవద్దని అత్తయ్యకు ముందే చెప్పుకుంటాను. ‘పూజ దగ్గర కూడా ఇంత నిష్ఠ చూడలేదమ్మా నీకు’ అంటారావిడ. తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని, దిండు ఒళ్లో పెట్టుకుని, ఫోనులో గది తెరుస్తాను. తెర మీద గుండ్రటి బొమ్మలు ఒక్కొక్కటే పొడుచుకొస్తాయి. ఖమ్మం, కాకినాడ, డల్లాస్, లండన్. ఎవరి ముఖమూ కదలదు. గొంతులే వస్తాయి, పోతాయి.

కథలు చదువుకునే బృందం మాది. 2021 వేసవిలో మొదలైంది. రాసినవాళ్లే చదువుతారు, తక్కినవాళ్లు వింటారు, ఆ తర్వాత మాట్లాడుకుంటాం. మొదట్లో ఒక శనివారం, ఉద్యోగ విరమణ చేసిన తెలుగు మాస్టారొకరు తన కథ చదివారు. డెబ్బై దాటిన మనిషి. ఇరవై నిమిషాల కథ. మొదటి రెండు పేజీలు బాగానే నడిచాయి. తర్వాత ఎందుకో వేగం పెరిగింది. ఎవరో తరుముతున్నట్టు చదివేసి, చివరి వాక్యం దగ్గర ఆగారు. గదిలో నలభై మందికి పైగా ఉన్నాం. చీమ చిటుక్కుమనలేదు.

‘ఉన్నారా అండీ?’ అన్నారాయన. ‘అసలు వినబడిందా?’

అందరం ఉన్నాం. అందరం విన్నాం. ఇద్దరు కళ్లు తుడుచుకున్నారని తర్వాత తెలిసింది. కానీ అందరి మైకులూ మూసే ఉన్నాయి, గది నడుపుతున్న నాదీ అంతే. ఎక్కడ కుక్కరు కూస్తుందోనన్న భయంతో నేనూ నోరు కట్టేసుకుని కూర్చున్నాను. మైకు బొమ్మ వెతికి నొక్కేసరికి నాలుగైదు సెకన్లు గడిచిపోయాయి. నాకు నాలుగైదు సెకన్లు. ఆయనకు ఎంతసేపో.

మర్నాడు ఫోన్ చేస్తే నొచ్చుకోలేదు గానీ, ఓ మాటన్నారు. ‘బావిలోకి వంగి చదివినట్టుందమ్మా. మా నాయనమ్మ కథ చెప్పేటప్పుడు ఊ కొట్టకపోతే ఆపేసేది. పడుకున్నావట్రా అని గిల్లేది. మీరు నలభై మందిలో ఒక్కరూ ఊ కొట్టరేం?’

లైవ్ ఆడియో గదులు నడపడం గురించి చాలా పాఠాలు చదివాను, కొన్ని విన్నాను. ఏ మైకు కొనాలి, ఏ వేళ పెట్టాలి, పోస్టరు ఎలా ఉండాలి అని బోలెడు చెబుతారు. ఊ ఎవరు కొట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ వేసవి

లైవ్ ఆడియో గదుల యాప్ క్లబ్‌హౌస్ పుట్టింది 2020లో, ప్రపంచమంతా ఇళ్లలో మూతబడిన వేళ. పాల్ డేవిసన్, రోహన్ సేఠ్ కలిసి కట్టారు. ఐఫోన్ ఉన్నవాళ్లకే ప్రవేశం, అదీ లోపలున్నవాళ్లెవరైనా పిలిస్తేనే. 2021 జనవరి చివరి రాత్రి ఎలాన్ మస్క్ వచ్చి మాట్లాడినప్పుడు దాని పేరు మార్మోగింది. అప్పట్లో ఒక గదిలో అయిదు వేల మందే పట్టేవారు. గది నిండిపోయి, తక్కినవాళ్లు యూట్యూబ్‌లో చేరి విన్నారు. ఆ రాత్రి మస్క్ గురించి రాయని పత్రిక లేదు. ఆ గది నడిపిన శ్రీరామ్ కృష్ణన్, ఆర్తి రామమూర్తి దంపతులు చెన్నైవాళ్లన్న సంగతి మాత్రం చాలామంది పట్టించుకోలేదు. ఏడాది కూడా నిండని చోటుకు అంతటివాణ్ని రప్పించింది వాళ్లు. రాత్రి పూట నలుగురినీ కూర్చోబెట్టి, ఇంట్లో కబుర్లాడినట్టు మాట్లాడించే అలవాటు వాళ్లది.

మన దగ్గర ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆ తలుపు తెరుచుకున్నది 2021 మే 21న. అప్పటికి తెలంగాణలో లాక్‌డౌన్ మొదలై తొమ్మిది రోజులు. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. రెండో అల ఉద్ధృతిలో ఫోన్ మోగితే గుండె జారే రోజులు. అలాంటప్పుడు, చావు కబురు కాకుండా మరో మాట వినిపించే చోటు ఒకటి దొరికింది. పద్యాల గదులు, పాత పాటల గదులు, సినిమా అభిమానుల కొట్లాట గదులు, తెల్లవార్లూ దెయ్యం కథల గదులు. ఊరికే ‘మాట్లాడుకుందాం రండి’ అని పేరు పెట్టిన గదులు కూడా. చప్పట్లు కొట్టాలంటే మైకు మీట టకటకా వేసి తీసేవాళ్లు. తెరమీద చిన్న మైకు బొమ్మలు మిణుగురుల్లా మినుకుమనేవి. ఎవరు కనిపెట్టారో గానీ, నాకు ముచ్చటేసేది. మూగవాళ్లు చేసుకున్న ఏర్పాటు అది.

జులైలో పిలుపు పద్ధతి పోయి అందరికీ తలుపు తెరిచారు. నవంబరులో యాప్ తెలుగులోనూ కనబడింది. హిందీ, తమిళం, కన్నడం, మలయాళంతో కలిపి పదమూడు భాషలు ఒకేసారి చేర్చారు. ఆ నెలలోనే యాప్ గుర్తు మీద ముంబయి గాయకుడు అనిరుధ్ దేశ్‌ముఖ్ బొమ్మ వచ్చింది. రాత్రి వేళ పాటల గది నడిపే మనిషి. సినిమా తారను కాదు, గది నడిపేవాణ్ని గుర్తుగా పెట్టుకోవడం ఆ కంపెనీ చేసిన తెలివైన పని అని ఇప్పటికీ అనుకుంటాను.

తక్కిన కథ తెలిసిందే. ఈలోపే అప్పటి ట్విటర్ (ఇప్పటి ఎక్స్) స్పేసెస్ తెచ్చింది. ఫేస్‌బుక్, స్పాటిఫై, రెడిట్, డిస్కార్డ్, టెలిగ్రామ్, అందరూ తలా ఒక గది కట్టారు. 2023 మార్చిలో రెడిట్ తన గదికి తాళం వేసింది. ఏప్రిల్లో స్పాటిఫై వేసింది. అదే నెలలో క్లబ్‌హౌస్ సగానికి పైగా ఉద్యోగులను ఇంటికి పంపింది. జనం బయట తిరగడం మొదలయ్యాక గదులు ఖాళీ అయ్యాయన్నది అందరూ చెప్పిన కారణం. అది సగమే నిజమని నా లెక్క. మీట నొక్కితే గది పుడుతుంది. అందులో మనుషులను కూర్చోబెట్టి ఉంచడం మీట పని కాదు. ఊ కొట్టేవాళ్లు లేనిచోట మిగిలేది ఊకదంపుడే, దాన్ని ఎవరైనా ఎన్ని రాత్రులు వింటారు?

వేదికలు పోయినా అలవాటు పోలేదు. సినిమా విడుదలకు ముందు రాత్రి, ఎన్నికల ఫలితాల మర్నాడు ఎక్స్ తెరిచి చూడండి, స్పేసులు కిక్కిరిసి ఉంటాయి. వాట్సాప్ కూడా 2023 నవంబరులో పెద్ద గ్రూపులకు వాయిస్ చాట్ ఇచ్చింది. మా బృందం మూడుసార్లు ఇల్లు మారింది. సామాను లేని సంసారం కాబట్టి ఇబ్బంది పడలేదు.

యాభై మీటర్ల అవతల

మాస్టారి ప్రశ్నకు నేను మొదట ఇచ్చుకున్న జవాబు సాంకేతికమైనది. ఇంజినీరింగ్ చదివిన పాపం ఊరికే పోదు.

మనం మాట్లాడిన మాటను ఫోను సన్నగా తరుగుతుంది, సాధారణంగా సెకనులో యాభయ్యో వంతు చొప్పున. ఆ ముక్కలను చాలావరకు ఓపస్ అనే పద్ధతిలో నొక్కి, మూటగట్టి పంపుతుంది. 2012లో ప్రమాణంగా స్థిరపడిన ఈ ఓపస్ లేకపోతే ఈ గదులు ఇంత చౌకగా నడిచేవి కావు. సెకనుకు 32 కిలోబిట్ల లెక్కన గంట మాటకు 14.4 ఎంబీ, మూటల మీది చిరునామాల బరువు కలుపుకున్నా పాతికకు లోపే. దారిలో ఒకటీ అరా ముక్క జారిపోతే, ముందు వెనకలు చూసి అవతలి ఫోను సొంతంగా అతుకు వేస్తుంది. నెట్ బాగా లేనప్పుడు మనిషి గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుందే, ఆ అతుకులు ఎక్కువైనప్పటి సంగతి అది.

ఈ తరగడం, కట్టడం, ప్రయాణం, విప్పడం అన్నిటికీ కాలం పడుతుంది. మాట ఒక వైపు చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపైతే సంభాషణకు ఇబ్బంది లేదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పెట్టిన హద్దు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కదా, ఆ లెక్కన 150 మిల్లీసెకన్లంటే యాభై మీటర్లు. కొబ్బరితోటకు ఈ చివర నేను, ఆ చివర మీరు. కేకేసి మాట్లాడుకోవచ్చు. కలిసి పాడలేం. సంక్రాంతికి గొబ్బిపాట అందరం కలిసి పాడదామని ఒకసారి సరదా పడ్డాం. మొదటి చరణం ముగిసేసరికి డల్లాస్ ఒక గొబ్బి, హైదరాబాద్ ఒక గొబ్బి అయ్యాయి. నవ్వు ఆపుకోలేక ఆపేశాం. ఒకరు పాడాలి, తక్కినవాళ్లు మైకులు మూసుకుని తమ ఇళ్లలో తాము పాడుకోవాలి. అంతకు మించి దారి లేదు.

కొన్ని వేదికల్లో ఇంకో మెలిక ఉంటుంది. మాట్లాడేవాళ్లకు ఒక దారి, ఊరికే వినేవాళ్లకు వేరే దారి. ఆ రెండో దారిలో కొన్ని సెకన్ల ఆలస్యం. మీరు జోకేసి, స్పందన లేదని చిన్నబుచ్చుకుని, విషయం మార్చాక నవ్వు బొమ్మలు ఎగురుతాయి.

ఇక ఊ సంగతి. గదిలోని రొదను తుడిచే ఏర్పాటు దాదాపు ప్రతి ఫోనులోనూ, యాప్‌లోనూ ఉంటుంది. ఎడతెగకుండా ఒకే తీరుగా సాగే శబ్దాన్ని అది రొద అనుకుంటుంది. ఫ్యానుకూ తంబూరాకూ దానికి తేడా తెలియదు. మా గదిలో ఒకావిడ త్యాగరాజ కీర్తన పాడబోతే, శ్రుతిపెట్టె ఎంత పెంచినా అది మాకు వచ్చీ రానట్టే ఉండేది. ఆవిడ మాత్రం శ్రుతిలోనే పాడుతున్నానని పాపం నమ్మకంగా పాడారు. సంగీతానికి వేరే అమరిక ఉంటుందని, దాన్ని ముందే పెట్టుకోవాలని ఆ రోజు తెలిసింది. మూసిన పెదాల వెనక నుంచి సన్నగా వచ్చే ఊ కూడా ఆ చీపురుకు చిక్కే సరుకే. కొట్టినా అవతలికి చేరుతుందన్న భరోసా లేదు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో మరో తంటా. వింటున్నంతసేపూ బాగుంటాయి, మైకు తెరవగానే చాలావాటిలో శబ్దం నాణ్యత పడిపోతుంది. వినడం, పంపడం రెండూ ఒకే సన్న దారిలో సర్దుకోవాలి కాబట్టి. అందుకే నా తీగ. మనవడు నవ్వుతాడని మాస్టారు ఆ తీగను మానేశారట, నేనే మళ్లీ పెట్టించాను.

ముగ్గురుండాలి

ఇదంతా వివరించి చెబితే మాస్టారు శ్రద్ధగా విన్నారు. ఫోన్లో ఊ కూడా కొట్టారు. అంతా అయ్యాక, ‘అయితే బుర్రకథలో వంతలెందుకుంటారంటావు?’ అన్నారు.

అప్పుడు తట్టింది. కథకుడి పక్కన డక్కీలు పట్టుకుని నిలబడే ఇద్దరిని మనం చిన్నప్పటి నుంచీ పక్క వాయిద్యం కిందే లెక్కేశాం. వాళ్లు చేసేది తాళం వేయడం ఒక్కటే కాదు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు ఒక మాట అనగానే అవునా అని ఒకరు ఆశ్చర్యపోతారు, అదెలా అని ఇంకొకరు అడ్డుతగులుతారు. ఊరి జనం అడగాల్సిన ప్రశ్న వాళ్లు అడుగుతారు. వేల మంది ముందున్న నాజర్ లాంటి మహా కథకుడికి కూడా వంతలు కావాల్సి వచ్చిందంటే, మా మాస్టారు ఒంటరిగా ఇరవై నిమిషాలు ఎలా లాక్కొస్తారు? తమాషా ఏమిటంటే స్పేసెస్‌లో గది నడిపేవారికి ఇద్దరు తోడు నిర్వాహకులను పెట్టుకునే వీలుంది. ఒకరూ ఇద్దరూ ముగ్గురు. బుర్రకథ దళం లెక్క ఎవరు చెప్పారో వాళ్లకు.

అయితే ఒంటరిగా మాట్లాడి జనాన్ని కట్టిపడేసినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. విజయవాడ రేడియోలో ఉషశ్రీ గారు స్టూడియోలో గోడలను చూస్తూ భారత రామాయణాలు చెబితే ఆదివారం పూట ఊళ్లు చెవులప్పగించేవి. ఆయనకు ఊ ఆ క్షణంలో అందలేదు. తర్వాత ఉత్తరాల రూపంలో వచ్చింది. శ్రోతల ఉత్తరాలకు ‘ధర్మసందేహాలు’ కార్యక్రమంలో జవాబులు చెప్పేవారు. అలాంటి గొంతు కోటికొకటి. తక్కిన మనకు అప్పటికప్పుడు వినబడే ఊ కావాలి.

మా దళం అలా ఏర్పడింది. విశాఖలో ఉండే బ్యాంకు ఉద్యోగి ఒకాయన, డల్లాస్‌లో ఉండే నర్సు ఒకావిడ, నేను. చదివేవారు ఆగినచోటల్లా మాలో ఒకరు నోరు విప్పాలి. ఊ సరిపోదు, ఫోను మింగేస్తుంది. ‘అయ్యో’, ‘ఆఁ, తర్వాత?’, ‘అబ్బ!’ లాంటి కండగల మాటలు కావాలి. మొదటి వారం మేం ముగ్గురం ఒకేసారి ‘అయ్యో’ అన్నాం. నాటకంలో గుంపు అరుపులా వచ్చింది. తర్వాత వాట్సాప్‌లో వెనక గది ఒకటి పెట్టుకుని, ఈ పేజీ నీది, ఆ పేజీ నాది అని పంచుకున్నాం. నవ్వకండి. వంతలు కూడా సాధన చేసే వచ్చారు.

ఆ విశాఖ ఆయన ఉండటం ఇంకోలా కూడా మేలైంది. ఒక వానరాత్రి మా వీధిలో కరెంటు పోయి, వైఫై చచ్చి, నేను గదిలోంచి ఊడిపోయాను. నిర్వాహకురాలు లేకపోతే గదే మూతపడే చోటు అది. ఆయన ఉండబట్టి ఎవరికీ తెలియకుండా సాగిపోయింది. మా వీధిలో కరెంటు పోయినంత మాత్రాన విశాఖలో పోదు కదా.

మైకు ఇవ్వడం తేలిక, వెనక్కి తీసుకోవడమే విద్య. ‘ఒక్క నిమిషం మాట్లాడతాను మేడమ్’ అని వచ్చేవారి నిమిషం ఎంతుంటుందో సభలు చూసిన ప్రతి తెలుగువాడికీ తెలుసు. ఎదురుగా ఉంటే చీటీ పంపుతాం, గడియారం చూసుకుంటాం, వక్తకు వినబడేలా దగ్గుతాం. ఇక్కడ అవేం పనిచేయవు. నిర్వాహకుల చేతిలో మైకు మూసే మీట ఉంటుంది. దాన్ని వాడటమంటే వడ్డించిన విస్తరి ముందు నుంచి మనిషిని లేపడమే. నాలుగేళ్లలో రెండుసార్లే వాడాను, రెండోసారి వాడినందుకు ఇప్పటికీ బాధపడతాను. దానికి బదులు వాళ్ల మాటనే పట్టుకుని ఆపాలి. ‘అన్నయ్యగారూ, మీ ఊరి చెరువు గురించి అన్నారే, ఆ చెరువు దగ్గరే ఒక్క క్షణం ఆగుదాం. మన కాకినాడ అక్కయ్య కథలోనూ చెరువుంది’ అంటే, ఆయనకు తన మాట గౌరవం పొందినట్టుంటుంది, అక్కయ్యకు మైకు దొరుకుతుంది. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి అని ఒక పృచ్ఛకుణ్ని పనిగట్టుకుని కూర్చోబెడతారు, అవధానికి అడ్డం పడటానికి. మాకు ఆ ఖర్చు లేదు. పిలవకుండానే వస్తారు.

పావుగంటకోసారి ‘ఇప్పుడే వచ్చినవారి కోసం’ అంటూ గది పేరు, వక్తల పేర్లు, నియమాలు మళ్లీ మొదట్నుంచి చదివే ఆచారం ఒకటి ఉంది. రైల్వే స్టేషన్ ప్రకటనలా ఉంటుంది నాకు. కథ మధ్యలో అలా చేస్తే నాయనమ్మ గిల్లుతుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లు పక్కవాళ్లను అడిగి తెలుసుకుంటారని వదిలేశాం.

ఎవరికి తెల్లారింది?

వేళ పెట్టడం పెద్ద గొడవ. మన శనివారం రాత్రి ఎనిమిదిన్నర లండన్‌కు మధ్యాహ్నం మూడు, వేసవిలో నాలుగు. డల్లాస్‌కు చలికాలంలో ఉదయం తొమ్మిది, ఎండాకాలంలో పది. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం డల్లాస్‌వాళ్లు గడియారాలు తిప్పుకుంటారు. ఆ తర్వాతి శనివారం ఎవరో ఒకరు గంట అటూ ఇటూగా వచ్చి ఖాళీ గది ముందు నిలబడతారు. అందరికీ కుదిరిందనుకునేలోగా సిడ్నీ నుంచి సందేశం వచ్చింది. ‘మీ ఎనిమిదిన్నర మాకు అర్ధరాత్రి దాటి ఒంటిగంట. మా ఎండాకాలంలో రెండు. కథ వినాలంటే దెయ్యాలతో పాటు మేలుకోవాలి.’ వాళ్లకు మూడు నెలలకోసారి ఆదివారం మధ్యాహ్నం గది పెడుతున్నాం. అప్పుడు డల్లాస్ నిద్రపోతుంది. అందరికీ ఒకేసారి తెల్లారదు.

రికార్డు చేసి పంపమంటారు చాలామంది. చదివేవారిని అడిగి, ఒప్పుకుంటేనే చేస్తాం. మేం చేయకపోయినా పక్కన ఇంకో ఫోను పెట్టి ఎవరైనా చేయొచ్చు. 2021 ఫిబ్రవరిలోనే ఒకరు క్లబ్‌హౌస్ గదుల మాటలను బయటి వెబ్‌సైటులోకి మళ్లించారు. అందుకే ‘ఇక్కడి మాట ఇక్కడే ఉంటుంది’ అని నేను ఎవరికీ మాటివ్వను. ఇంటి గొడవలు చెప్పుకోబోయే అమ్మాయిలకు విడిగా ముందే ఆ సంగతి చెబుతాను.

అంతకన్నా చేదు సంగతి 2022 జనవరిలో బయటపడింది. ముస్లిం మహిళల మీద అసభ్యంగా మాట్లాడుకున్న ఒక క్లబ్‌హౌస్ గది మాటలు పాకి, కేసులు పెట్టి, ముంబయి పోలీసులు హరియాణాకు చెందిన ముగ్గురిని అరెస్టు చేశారు. ఆ గదికీ నిర్వాహకులు ఉన్నారు. ఆ గదిలోనూ కొందరు వింటూ కూర్చున్నారు, బహుశా ఊ కూడా కొట్టారు. నేను పొగుడుతున్న ఆ ఊకు ఈ రెండో ముఖం ఉందని అప్పటిదాకా తోచలేదు. అప్పటి నుంచి కొత్త మనిషికి మైకు ఇచ్చే ముందు మాలో ఒకరు సందేశంలో పలకరించి, నాలుగు మాటలు మాట్లాడి చూస్తాం. రాత్రి పది తర్వాత గది ఉంచం. ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న బృందం మాది. పదింటికి మూసేయాలని అడిగింది వాళ్లే.

పోయిన నెల మాస్టారు మళ్లీ చదివారు. ఈసారి నాయనమ్మ కథ. వయసు మీద పడి గొంతు సన్నబడింది, కానీ తొందర లేదు. మూడో పేజీలో నాయనమ్మ బావిగట్టు మీద దీపం పెట్టి లోపలికి వస్తుంది. అక్కడ ఆగారు. ఆ పేజీ డల్లాస్ ఆవిడది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చి కూర్చుంది. ఒక క్షణం ఏమీ లేదు. నా వేలు మైకు మీదకు పోయింది. ఇంతలో మాస్టారు ‘మర్నాడు పొద్దున’ అని తర్వాతి వాక్యం అందుకున్నారు, సరిగ్గా దాని మీద పడింది ఆవిడ గొంతు, నిద్రమత్తుతో, సముద్రాలు దాటుకుని. ‘ఊఁ.’

మాస్టారు ఆగారు. పేజీ సర్దుకున్న చప్పుడు వినబడింది. ‘మర్నాడు పొద్దున’ అని మళ్లీ మొదలుపెట్టారు.